సీతాఫలాల వడ్డీ

కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పోటీ నోటీసు చదువుతుంటే అమ్మ ఫోన్ చేసింది. డిగ్రీ విద్యార్థులకు ఆర్థిక జర్నలిజంలో వ్యాసాల పోటీ. నేను కామర్స్ చెబుతాను. పైగా చదువుకునే రోజుల్లో ఆ పోటీలోనే మొదటి బహుమతి కొట్టినదాన్ని. అందుకని ఇక్కడ మార్కాపురంలో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి పిల్లల చేత రాయించే పని ఏటా నా నెత్తినే పడుతోంది.

"కుక్కర్ మామ పోయినాడంట పాపా, తెల్లారేసరికి" అంది అమ్మ. గిద్దలూరులో మా వీధి కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఫోన్లో వినపడుతోంది. బస్సెక్కి వస్తానన్నాను.

"వచ్చి ఏం చేస్తావు? మధ్యాహ్నం నమాజు కాంగానే మట్టి ఇచ్చేస్తారంట. నీకు క్లాసులుంటాయి కదా" అంది.

మా అమ్మ దూరపు చుట్టం ఇంట్లో చావైనా సరే, ఉన్నపళంగా బయల్దేరమనే మనిషి. నన్ను రావద్దన్నది ఈ ఒక్క చావుకే. ఎందుకు వద్దన్నదో నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఫోన్ పెట్టేసేసరికి సెకండియర్ అమ్మాయి ఒకతి తలుపు దగ్గర నిలబడి ఉంది. "మేడమ్, అప్పుడు మీకు ప్రైజొచ్చిన ఆర్టికల్ ఇస్తారా? బలంగా ఎట్ల రాయాల్నో చూసుకుంటాం" అని అడిగింది. ఎక్కడో ఉంది, వెతికి చూస్తానన్నాను. ఉత్త అబద్ధం. అది బీరువాలో ఏ అరలో, ఏ చీర మడత కింద ఉందో కళ్ళు మూసుకుని తీయగలను.

గిద్దలూరు బజారులో మామ దుకాణం ఒక మంచం వేస్తే నిండిపోయేంత ఉండేది. బోర్డు లేదు. పాత కుక్కర్ మూతలు ఇనప తీగకు గుచ్చి చూరుకు వేలాడదీశాడు. గాలి తోలితే అవి ఒకదానికొకటి తగిలి మోగేవి. కళ్ళజోడుకు ఒకవైపు కమ్మీ లేదు. దాని బదులు కుక్కర్ రబ్బరు ముక్క కోసి చెవికి చుట్టుకునేవాడు. కొత్త రబ్బరు అమ్మేముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఎందుకు మామా అంటే, "మంచి రబ్బరైతే వాన పడిన రోడ్డు వాసనొస్తాది" అనేవాడు. నేనూ చూశాను. నాకు రబ్బరు వాసనే వచ్చింది.

కుక్కర్ బాగుచేసి అట్లనే చేతిలో పెట్టేవాడు కాదు. వట్టి నీళ్ళు పోసి కూత తెప్పిస్తే అది పరీక్ష కాదట. తన డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసి కడిగి, అందులో పోసి, స్టవ్ మీద పెట్టి, కుక్కర్ తెచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. మొదటి కూతకు కళ్ళు మూసుకునేవాడు. మూడో కూతకు కళ్ళు తెరిచి, "తీసుకుపో, ఇంక కాపురానికి ఢోకా లేదు" అనేవాడు. ఉడికిన అన్నం తన సత్తు పళ్ళెంలోకి వంచుకునేవాడు. ఆయన భార్య ఎప్పుడో చనిపోయింది. మధ్యాహ్నం భోజనం అదే. ఆ రోజు ఎవరి కుక్కర్ వస్తే వాళ్ళ కుక్కర్లో అన్నం. "ఈ ఊర్లో అన్ని కులాల గిన్నెల్లో తిన్నోణ్ణి నేనొక్కణ్ణే. నన్ను మించిన చుట్టం ఎవురున్నారు మీకు?" అని నవ్వేవాడు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది, అందుకని నాకు మామ అయ్యాడు. నన్ను కోడలా అనేవాడు.

ఆయన దగ్గరికి బాగున్న కుక్కర్లు కూడా వచ్చేవి. ఈ సంగతి మా వీధి ఆడవాళ్ళందరికీ తెలుసు, మగవాళ్ళలో చాలామందికి తెలియదు. చేతిలో డబ్బు అయిపోయి, జీతమో కూలో అందడానికి ఇంకా వారం పది రోజులుందనుకోండి. కుక్కర్ చంకన పెట్టుకుని పోవడమే. "కూత సరిగ్గా రావడంల్యాదన్నా" అనాలి. ఆయన తలెత్తకుండా, "ఎన్ని కూతలు రావాల?" అని అడిగేవాడు. ఐదు అంటే ఐదు వందలు. పది అంటే వెయ్యి. పది దాటి ఎవరూ అడిగేవారు కాదు, ఆయన దగ్గర ఉండేవీ కాదు. కుక్కర్ ఒళ్ళోకి తీసుకుని, అటు తిరిగి, లోపల నోట్లు పెట్టి, మూత బిగించి ఇచ్చేవాడు. చూసేవాళ్ళకు రిపేరు. పక్క దుకాణం వాళ్ళకు కూడా రిపేరే.

దాన్ని అప్పు అంటే ఆయనకు కోపం వచ్చేది. ఒకసారి ఎవరో ముసలామె, నీ అప్పు తీర్చేస్తా నాయనా అంటే చేతిలో పట్టకారు కింద పెట్టేశాడు. "అప్పా? అప్పంటే కాగితముండాల. కాగితంలో తేదీ ఉండాల. తేదీ దాటితే ఇంటి ముందర నిలబడి తిట్టాల. ఇది చేబదులు. చెయ్యి, బదులు. అంతే. మాకు వడ్డీ హరామ్ అవ్వా, ఒక్క రూపాయి ముట్టినా నేను చచ్చినంక జవాబు చెప్పుకోవాల" అన్నాడు. ఇంతకంటే పెద్ద మాటలు ఆయన నోట నేను వినలేదు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు గర్వముండేది.

తిరిగి ఇచ్చేటప్పుడూ కుక్కర్లోనే. అడుగున నోట్లు, పైన ఏదో ఒకటి. గోంగూర కట్ట, తవ్వెడు కందులు, రెండు సజ్జ రొట్టెలు, చింతచిగురు కాలంలో చింతచిగురు. ఎవరింటి గిన్నెనైనా వట్టిగా తిరిగివ్వకూడదని మనకందరికీ తెలిసిందే. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరన్నా వేసి ఇస్తారు. ఆ కుక్కర్ ఎవరిదైనా, లోపల డబ్బు ఆయనది కాబట్టి గిన్నె ఆయనదే అన్నట్టు లెక్క. ఆయన మూత తీసి ముందు పైనున్నది చూసేవాడు. డబ్బు సంగతి తర్వాత. అదీ లెక్కపెట్టేవాడు కాదు.

నా డిగ్రీ రెండో ఏడు పరీక్ష ఫీజుకు అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. కుక్కర్ నేనే మోశాను. నాయన గూడ్సు ఆటో షెడ్డులో పడి ఉంది, అమ్మ కుట్టిన జాకెట్లకు డబ్బులింకా రాలేదు. ఐదు కూతలు రావాలన్నా అంది అమ్మ. పది రోజులకు తిరిగి ఇచ్చేటప్పుడు నల్లమల నుంచి బుట్టల్లో దిగిన సీతాఫలాలు, బాగా కన్ను విచ్చినవి ఏరి ఏరి పెట్టింది. మామ ఒకటి విప్పి చూసి, "చెల్లే, ఇవి గుట్ట మీది కాయలు, తోటవి కాదు" అని అక్కడికక్కడే మూడు తినేసి, గింజలు కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. ఎక్కడన్నా నాటుతాడట.

ఆ నెలలోనే పోటీ నోటీసు వచ్చింది. నేను చేబదులు మీద రాశాను. మొదటిసారి రాసింది మంచి వ్యాసమే, ఇప్పుడు చెబుతున్నాను. కాగితం లేకుండా, పూచీ లేకుండా, ఒక రిపేరు దుకాణం ఒక వీధి మొత్తాన్ని నెలాఖర్లు ఎట్లా దాటిస్తోందో రాశాను. మా ఎకనామిక్స్ సారు చదివి, "బాగుందమ్మా, కానీ బలం ల్యా. ఆర్థిక వ్యాసమన్నాక అంకె ఉండాల. అంకె చూసి చదివేవాడు ఉలిక్కిపడాల" అన్నారు. ఆయన అన్నది అంతే. అబద్ధం రాయమని ఆయన అనలేదు. ఆ తెలివి పూర్తిగా నాదే.

లైబ్రరీలో కూర్చుని నోట్సు చివరి పేజీలో లెక్క వేశాను. ఐదు వందలు, పది రోజులు. సీతాఫలాలు నలభై రూపాయలు. అంటే పది రోజులకు ఎనిమిది శాతం. ఏడాదికి రెండు వందల తొంభై రెండు శాతం. ఆ అంకె చూసి ముందు నేనే ఉలిక్కిపడ్డాను. తర్వాత చెప్పలేనంత సంతోషం వేసింది. బహుమతి నాదేనని అప్పుడే తెలిసిపోయింది.

వ్యాసం మొత్తం తిరగరాశాను. "కాగితం లేదు, రసీదు లేదు, కానీ వడ్డీ ఉంది. అది సీతాఫలాల రూపంలో వస్తుంది" అని మొదలుపెట్టాను. వస్తురూప వడ్డీ అనే మాట వాడాను. "నా పరిశీలనకు వచ్చిన ఒక ఉదంతంలో కూతురి పరీక్ష ఫీజు కోసం ఒక నిరుపేద మహిళ" అని మా అమ్మను రాశాను. ఆ ఫీజు కట్టి రాసిన పరీక్ష నాదేనని రాయలేదు. గిన్నె వట్టిగా ఇవ్వకూడదనే మాట కూడా ఎక్కడా రాయలేదు. అది రాస్తే అంకె నిలబడదు. మరిచిపోయి వదిలేసింది కాదు. ఒకసారి రాసి, కొట్టేశాను.

అంతకుముందు మామ దగ్గరికి పోయి ఫోటో కూడా తీసుకున్నాను. చేబదులు గురించి రాస్తున్నాను మామా అంటే ఎంత సంబరపడ్డాడో. టీ తెప్పించాడు. టోపీ సర్దుకున్నాడు. "మంచిపని కోడలా. బ్యాంకుల గురించి రాసేవాళ్ళే అందరూ, దీని గురించి ఎవురు రాసినారు? ఆడోళ్ళ పేర్లు మాత్రం వద్దు" అన్నాడు. పేర్లు రాయలేదు. ఆయన పేరూ రాయలేదు. వ్యాసం చివర "పేర్లు గోప్యంగా ఉంచబడ్డాయి" అని రాసుకుని, నేనెంత నిజాయితీపరురాలినో అనుకున్నాను.

ఒంగోలులో సభ పెట్టి షీల్డు ఇచ్చారు. ఒక పత్రిక జిల్లా పేజీలో మామ ఫోటోతో సహా వ్యాసం వేశారు. 292 శాతం అని వేలెడు లావు అక్షరాలు. నాయన నాలుగు పేపర్లు కొన్నాడు. అమ్మ కూడబలుక్కుంటూ చదివి సీతాఫలాల దగ్గర ఆగింది.

"నలభై కాదే. ఆ కాయలమ్మిన పిల్ల ముప్పైకే ఇచ్చింది" అంది.

పేపరు మడిచి కుట్టుమిషన్ కింద పెట్టి పనిలో పడింది.

ఆ తర్వాత బజారులో కుక్కర్ పట్టుకుని నడిచే ఆడమనిషి కనపడితే చాలు, టీ కొట్టు దగ్గర మగవాళ్ళు "ఎన్ని కూతలు వదినా?" అని నవ్వడం మొదలైంది. నిజంగా రబ్బరు పోయినవాళ్ళు కూడా మామ దగ్గరికి రావడం మానేశారు. కొత్తది కొనుక్కున్నారు, లేకపోతే మూత మీద గుడ్డ కప్పి వండుకున్నారు. డబ్బు అవసరాలు మాత్రం ఆగవు కదా. వారం వారం ఇంటిముందుకొచ్చి వసూలు చేసే ఫైనాన్సు వాళ్ళు మా వీధిలోకి దిగారు. వాళ్ళకు కాగితముంది, తేదీ ఉంది, మిగతాదీ ఉంది.

మామకు తగిలిన దెబ్బ మాత్రం ఇది కాదు. శుక్రవారం మసీదు నుంచి బయటికొస్తుంటే ఎవరో స్నేహితుడు, "ఏం భాయ్, ఈసారి సీతాఫలాల మీద ఎంత పడింది?" అన్నాడట. వేళాకోళానికే అన్నాడు. మామ కూడా నవ్వాడట. నవ్వి దుకాణానికొచ్చి, ఆ రోజు అన్నం వండుకోలేదు.

నెల రోజులు నేను ఆ బజారున పోకుండా రైల్వేస్టేషన్ వైపు నుంచి చుట్టు తిరిగి కాలేజీకి పోయాను. చివరికి ఆయనే కబురు పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. పోతే స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. ఆ పేపరు నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో పెట్టుకున్నాడు. తీసి నా ముందు పరిచాడు.

"ఈ రెండు నూర్ల తొంభై రెండు అంటే ఏంది కోడలా? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

చెప్పాను. క్లాసులో చెప్పినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నాకు తెలీక తిన్న్యా. తియ్యగా ఉండాయి కదాని తిన్న్యా. వడ్డీ పండు రూపంలో గూడ వస్తాదని ఎవురూ చెప్పల్యా నాకు" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే నమ్మాడు. తాను మనిషినని తలెత్తుకుని చెప్పుకునే ఆ ఒక్క విషయంలో తప్పిపోయానని నమ్మాడు. "ఇంతకాలం ఎంత తిన్న్యానో లెక్క కట్టి పెట్టమ్మా. పోయేలోగా ఎవురిది వాళ్ళకు ఇచ్చేస్తా."

నేను నోట్సు తీశాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, చెయ్యడానికి ఆ రోజు ఎందుకు లేదో తెలియదు. ఆయన చెబుతుంటే రాసుకున్నాను. ఎవరికి ఎంత ఇచ్చాడో ఆయనకు గుర్తు లేదు. ఎవరు ఏం తెచ్చారో మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. "కాలవకట్ట కాడ చాకలామె, సజ్జ రొట్టెలు, వెల్లుల్లి కారం పూసినవి. టీచరమ్మ, నిమ్మకాయ ఊరగాయ, ఉప్పు కొంచెం ఎక్కువైంది. బాలింత పిల్ల ఒకతి, ఏమీ ల్యాకపోతే బెల్లంముక్క పెట్టింది." చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఆ రుచి కనపడేది. వెంటనే గుర్తొచ్చి మొహం దించుకునేవాడు. నేను ఒక్కొక్కదానికీ ధర వేశాను. బెల్లంముక్క, రెండు రూపాయలు. మొత్తం పదకొండు వేల చిల్లర తేలింది.

ఇది వడ్డీ కాదు మామా, నేనే అట్లా రాశాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంటే షీల్డు సంగతేంటి? పేపర్లో పడింది అబద్ధమని ఊరంతా అనుకోదూ? పై చదువుకు సిఫార్సు ఉత్తరం రాస్తానన్న సారు ఏమనుకుంటారు? ఆ వయసులో నాకు ఇవన్నీ ఆయన కంటే పెద్దవిగా కనపడ్డాయి. ఇప్పుడు పిల్లలకు క్లాసులో, అంకె ముఖ్యం కాదు, అంకె దేని గురించో ముఖ్యం అని చెబుతుంటాను. ఎక్కడ నేర్చుకున్నానో చెప్పను. లెక్కలో మాత్రం తప్పు లేదు. ఎన్నిసార్లు వేసినా రెండు వందల తొంభై రెండే వస్తుంది.

ఆ డబ్బు జమ చెయ్యడానికి ఆయనకు ఏడాది పట్టింది. గ్యాసు పొయ్యిల పని కూడా ఒప్పుకుని, ఊళ్ళు తిరిగి, బేస్తవారిపేట దాకా సైకిల్ మీద పోయేవాడు. కూడినాక నా కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు నవ్వారు. కొందరు ఏడ్చారట. చాకలామె చీపురు తీసుకుని, "నా రొట్టెలకు ఖరీదు కడతావా?" అని గొడవపెట్టుకుంది. తీసుకోనివాళ్ళ గడప మీద పెట్టి వచ్చేశాడు. తర్వాత కూడా ఆయన చేబదులు ఇస్తాననే అన్నాడు. తిరిగిచ్చేటప్పుడు గిన్నె వట్టిగా తెమ్మన్నాడు. వట్టి గిన్నె తీసుకుపోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఒకరిద్దరు పోయి చూశారు. ఆ తర్వాత ఎవరూ పోలేదు.

ఆ తిరుగుడు మొదలైంది మా ఇంటి నుంచే. పొద్దున పది గంటలప్పుడు వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, నలభై రూపాయలు కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాడు. సంగతి తెలుసుకుని అమ్మ మిషన్ ఆపేసింది.

"ఏందన్నా ఇది? అన్నకు చెల్లెలు పండు పెడితే వడ్డీ అంటారా ఎక్కడన్నా? తీసెయ్, నాకు పాపం చుట్టుకుంటాది."

"నాకు చుట్టుకోకూడదనే తెచ్చినా చెల్లే."

"అది వడ్డీ కాదన్నా. నా బిడ్డ మీద ఒట్టు, కాదు."

అమ్మ నా వైపు చూడలేదు. మామే చూశాడు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాను. రబ్బరు చుట్టిన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను అడిగాడు.

"చెల్లెమ్మ కాదంటావుంది. ఆమె మనసు మంచిది, అట్లనే అంటాది. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు కోడలా. నువ్వు గూడ కాదంటే ఇక్కడ్నించే ఇంటికి మళ్ళుకుంటా. వడ్డీనేనా?"

ఎంత ఆశగా అడిగాడో. అమ్మ చేతిలో కత్తెర అట్లనే ఉంది.

"వడ్డీనే మామా" అన్నాను.

తల ఊపాడు. మెట్లు దిగి చెప్పులు వేసుకుని, నా కాగితం జేబులోంచి తీసి చూసుకుంటూ పక్కింటికి పోయాడు.